వేదిక వెనుక కిక్రీ తాత: మన పర్ధాన్ల చరిత్రలోంచి కొన్ని మాటలు



సంఘం వాళ్లు ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమన్నప్పుడు మొదట జోడేఘాట్ గురించి రాద్దామనుకున్నాం. కానీ జోడేఘాట్ గురించి మీరు ప్రతి ఏటా వింటూనే ఉన్నారు, మాకంటే బాగా మాట్లాడే పెద్దలు చెబుతూనే ఉన్నారు. అందుకని మీకు దగ్గరగా ఉండే సంగతి ఒకటి తీసుకున్నాం. మీలో ప్రతి ఒక్కరికీ ఒక అభిమాన గాయకుడో గాయనో ఉంటారు. మా హాస్టల్ పిల్లల ట్రంకు పెట్టెలు తెరిస్తే మూత లోపలి వైపు వాళ్ల బొమ్మలు అంటించి ఉంటాయి. తనిఖీకి వెళ్లినప్పుడు చూసీ చూడనట్టు వచ్చేస్తాం. ఎందుకంటే ఆ వయసులో మాకూ ఒక అభిమాన కళాకారుడు ఉండేవారు. పెట్టెకు అంటించుకోవడానికి ఆయన ఫోటో ఎక్కడా దొరకలేదు. పేరు కూడా తెలియదు. ఇరవై ఏళ్లు దాటిపోయాక ఒక సాంస్కృతిక కార్యక్రమంలో, వేదిక వెనుక, జనరేటర్ పక్కన ఆయన్ని కలిశాం. అక్కడ ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం తయారైంది.

వ్యాసమంతా "మేము" అని రాస్తున్నందుకు నవ్వుకోకండి. ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెరిగి, టీచర్ ట్రైనింగ్ చేసి, మళ్లీ హాస్టల్‌కే వార్డెన్‌గా వచ్చినవాళ్లకు "నేను" అనే మాట తొందరగా నోటికి రాదు.

అవి తొంభైల మొదటి రోజులు. మా హాస్టల్ వంటక్క దగ్గర ఒక రేడియో ఉండేది. తీగ కట్టి కిటికీ చువ్వకు తగిలిస్తే ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం పలికేది. గోండి కార్యక్రమం వచ్చే రోజున వంటక్క గరిటె పట్టుకునే వింటుండేది. ఒక సాయంత్రం అందులో కిక్రీ మోగింది. వెంటనే ఒక మగ గొంతు లేచింది. చరణం చివర ఆ గొంతులో చిన్న జీర వచ్చేది, ఎండిన ఆకు మీద కాలు వేసినట్టు. పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లలం అలాగే ఆగిపోయాం. మాలో సగం మందికి ఆ పాత గోండి మాటలు పూర్తిగా అర్థం కాలేదు. అయినా కదలలేదు. పాడినవారి పేరు చెప్పే సమయానికి భోజనం గంట కొట్టేశారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు విన్నాం, రెండుసార్లూ పేరు దాటిపోయింది. మాలో మేము ఆయన్ని "కిక్రీ తాత" అని పిలుచుకునేవాళ్లం. అప్పటికి ఆయన తాత వయసువారు కాదని తర్వాత తెలిసింది.

ఇక వేదిక దగ్గరికి వద్దాం. కొన్నేళ్ల కిందట జిల్లా కేంద్రంలో ఒక ఉత్సవం జరిగింది. డెంసా ఆడడానికి మా పిల్లలు పన్నెండు మందిని తీసుకుని వెళ్లాం. మైదానంలో ఇనుప పైపులతో వేదిక కట్టారు. వెనుక షామియానా గుడ్డలతో రెండు గదులు చేశారు. ఒకటి ఆడపిల్లలు చీరలు కట్టుకోవడానికి, రెండోది పెద్ద అతిథులకు. ఈ రెండింటికీ చెందని ఒక ముసలాయన జనరేటర్ పక్కన గొంగడి మడిచి వేసుకుని కూర్చున్నారు. తెల్ల ధోతి, తలకు రుమాలు, ఒళ్లో గోనె సంచి. సంచిలోంచి కిక్రీ మెడ బయటికి కనబడుతోంది. మా పిల్లలు ముందు ఆ కిక్రీని చూశారు. అక్కడ కాసేపటికే సెల్ఫీల గోల మొదలైంది. ఆయన చిరాకు పడలేదు, నవ్వలేదు కూడా. ఒక పిల్లవైపు చూసి, "పాపా, తాగే నీళ్లు ఉన్నాయా?" అన్నారు.

మాట చివర అదే జీర. ముఖం ఎన్నడూ చూడలేదు. గొంతును మాత్రం మరిచిపోలేదు. వార్డెన్‌నన్న సంగతి మరిచి, పిల్లలను తోసుకుని ముందుకు వెళ్లి నిలబడ్డాం. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాం: రేడియో, కిటికీ చువ్వ, వంటక్క, పళ్లేలు. ఆయన ఓపికగా విన్నారు. ఆదిలాబాద్ రేడియోకు మూడుసార్లు వెళ్లానని, ప్రతిసారీ పావుగంటలో కథ ముగించమన్నారని చెప్పారు. "పావుగంటలో మనిషి అన్నం కూడా తినడు," అన్నారు. ఆయన్ను మొదటిసారి నవ్వుతూ చూసింది అప్పుడే.

మా పిల్ల ఒకతె నోటుబుక్కు చాపి సంతకం అడిగింది. ఆయన పెన్ను తీసుకుని దేవనాగరి అక్షరాల్లో పేరు రాశారు. "తాత హిందీలో రాశాడు," అంది పిల్ల. హిందీ కాదు, మరాఠీ. ఆ సంగతి కాసేపట్లో చెబుతాం. బుక్కు తిరిగి ఇస్తూ మావైపు తిరిగి గోండిలో అడిగారు: "ఇంతకూ మీరు ఏ సగా వాళ్లు? ఇంటిపేరేమిటి?"

చెప్పాం. ఆయన తల ఊపి, "అయితే నేను మీకు పాడేవాణ్ణి కాను. మీ ఇంటికి పాడేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లెవరో తెలుసా?" అన్నారు.

తెలియదు. నలభై దాటిన మనిషిమి, ఆయన పాటకు ముప్పై ఏళ్ల అభిమానిమి, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం, తెలియదని చెప్పాల్సి వచ్చింది.

ఈ ప్రశ్న ఎందుకు అంత బరువైనదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. గోండులం నాలుగు సగాలుగా ఉన్నామని మీ ఇళ్లలో విని ఉంటారు. ఎర్వెన్ సగా ఏడుగురు దేవుళ్లది, సార్వెన్ ఆరుగురిది, సివెన్ ఐదుగురిది, నాల్వెన్ నలుగురిది. ఒకే సగాలో పిల్లనివ్వం, తెచ్చుకోం. ప్రతి సగాలో ఇంటిపేర్లు ఉంటాయి, ఇంటిపేరుకు ఒక పెర్సాపెన్, పెద్దదేవుడు, ఉంటాడు. ఈ లెక్క పుస్తకంలో రాసి పెట్టినది కాదు. తరతరాలుగా దీన్ని గుర్తుపెట్టుకునే పని పర్ధాన్లది. గోండు ఇంటిపేర్లే పర్ధాన్లకూ ఉంటాయి. ఏ ఇంటిపేరు గోండులకు ఆ ఇంటిపేరు పర్ధాన్లు పాడతారు. పెర్సాపెన్ పూజల్లోనూ, చచ్చిపోయినవాళ్లను పెద్దల్లో కలిపే కర్మలోనూ పర్ధాన్ వచ్చి కథ పాడకపోతే ఆ పని పూర్తయినట్టు కాదు. కాబట్టి పర్ధాన్ పాటకు మనం శ్రోతలం మాత్రమే కాదు. ఆ కథలో ఉన్నది మన ముత్తాతల ముత్తాతలు. ఆ పాటకు ప్రతిఫలంగా ధాన్యం, బట్ట, పశువు ఇవ్వాల్సిన బాధ్యత కూడా మనదే. టికెట్ కొన్నామా, చప్పట్లు కొట్టామా, ఇంటికి పోయామా అనే లెక్క ఇక్కడ లేదు.

కిక్రీ పుట్టుకకు కూడా కథ ఉంది. మొదటి పాటగాడు హీరాసుక పటాలిర్ అని మన పెద్దలు చెబుతారు. దేవుళ్లందరూ గుహలో బందీలై ఉన్న కాలంలో పహండి కుపార్ లింగాల్, జంగుబాయి వాళ్లను విడిపించే కథలో ఈయన కిక్రీతో వస్తాడు. కెరమెరి మండలంలోని జంగుబాయి గుహకు పుష్య మాసంలో మీలో చాలామంది వెళ్లి ఉంటారు. ఆ చీకట్లోకి దిగినప్పుడు లోపల దీపం వెలుగు మాత్రమే చూసి వస్తాం. ఒకప్పుడు ఈ కథ వినకుండా ఎవరూ ఆ గుహ దాకా వచ్చేవారు కాదు.

కిక్రీ అంటే చెక్కను తొలిచి, తోలు బిగించి, మూడు తీగలు కట్టి కమానుతో వాయించే వాద్యం. దానితోపాటు పెప్రె, కాలికొం, డోలు ఉంటాయి. కాలికొం ఊదితే ఆ చప్పుడు కొండ దాటుతుంది. కిక్రీ అలా కాదు, దగ్గర కూర్చుంటేనే వినబడుతుంది. అందుకేనేమో రాత్రంతా మంట చుట్టూ కూర్చుని వినే కథలకు కిక్రీనే పెట్టుకున్నారు. ఇది మా ఊహ మాత్రమే.

ఇప్పుడు ఆ మరాఠీ సంతకం సంగతి. ఆదిలాబాద్ పర్ధాన్లు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కానీ మన దేవుళ్ల కథ పాడేది గోండిలో. మనమే మరిచిపోయిన పాత గోండి మాటలను, ఇంట్లో వేరే భాష మాట్లాడే మనుషులు తరాల తరబడి నాలుక మీద మోశారు. మా పిల్లలకు ఈ సంగతి చెబితే ఒకతె, "మన భాష వాళ్ల దగ్గర దాచుకున్నామా మేడం?" అని అడిగింది. మేము ఇంతకంటే బాగా చెప్పలేం. తోటి వాళ్లు కూడా కిక్రీతో మన కథలు పాడేవాళ్లే. వాళ్లు సంఖ్యలో చాలా తక్కువ, ఇంట్లో కూడా గోండి మాట్లాడతారు.

వేదిక వెనుక ఇంకో సంగతి జరిగింది. మా పన్నెండు మందిలో ఒకతె మెస్రం ఇంటి పిల్ల, తొమ్మిదో తరగతి. ఇంటిపేర్ల మాట వచ్చేసరికి తన పేరు తానే చెప్పింది. ఆ పెద్దాయన ఒక్క క్షణం ఆ పిల్ల ముఖం చూశారు. ఆయనది మెస్రం ఇంటి పాట. గొంగడి మీంచి లేచి నిలబడ్డారు. పద్నాలుగేళ్ల పిల్లకు రెండు చేతులూ జోడించి "రాం రాం" అన్నారు. అప్పటిదాకా ఆయన పక్కన ఫోటోకు నిలబడడానికి తోసుకున్న పిల్ల, ఏం చేయాలో తెలియక మా కొంగు పట్టుకుంది.

మెస్రం వాళ్ల సంగతి మీకు తెలిసిందే. ఎర్వెన్ సగాలో నాగోబా వాళ్ల దేవుడు. పుష్య మాసంలో కేస్లాపూర్ నుంచి కాలినడకన బయలుదేరి, జన్నారం వైపు గోదావరి ఒడ్డున హస్తినమడుగు దాకా వెళ్లి గంగ నీళ్లు తెచ్చి, మర్రిచెట్టు కింద ఆగి, అమావాస్య రాత్రి పూజ చేస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా అక్కడే. లక్షలమంది వచ్చే జాతర కాబట్టి మనకు దుకాణాలు, రంగుల రాట్నాలు కనబడతాయి. మర్రిచెట్టు కింద కిక్రీ పట్టుకుని కూర్చున్న మెస్రం పర్ధాన్లు కనబడరు. కానీ గంగ కోసం ఎందుకు అంత దూరం నడవాలో, నాగోబా ఎలా వచ్చాడో చెప్పే కథ వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఆ పిల్ల చేతిలో గాజులు కొనుక్కోవడానికి ఇంటి దగ్గర ఇచ్చిన ఇరవై రూపాయలు ఉన్నాయి. "ఏదైనా ఇవ్వాలా తాతా?" అని అడిగింది. మేము పర్సు తీయబోతే ఆయన చేయి అడ్డం పెట్టారు. మీరు కాదు, ఆ ఇంటి చేయి ఇవ్వాలన్నారు. పిల్ల ఇరవై నోటు ఇచ్చింది. ఆయన కళ్లకద్దుకుని రుమాలు చెంగున కట్టుకున్నారు. తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుని, పిల్లకు మాత్రమే వినబడేంత మెల్లగా కిక్రీ మీద నాలుగు చరణాలు పాడారు. జనరేటర్ మోతలో మాకు వినబడలేదు. ముప్పై ఏళ్ల అభిమానులం మూడు అడుగుల దూరంలో నిలబడి, మాకు రాని భాగం ఒక పిల్లకు అందుతుంటే చూశాం. అసూయ కలిగింది. దాచడమెందుకు?

అసూయ తర్వాత సిగ్గు కూడా కలిగింది. అది చెప్పకుండా పోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా ఇంటికి కిక్రీ పట్టుకుని ఒకాయన వచ్చేవారని అప్పుడు గుర్తుకొచ్చింది. మేము చాలా చిన్న పిల్లలం. ఆయన అరుగు మీదికి ఎక్కేవారు కాదు. మా నానమ్మ చేటతో జొన్నలు తెచ్చి ఆయన పరిచిన గుడ్డలో పోసేది. ఆయన చేతి నీళ్లు మా ఇంట్లో తాగేవాళ్లు కాదు, ఆయన వంటింటి వైపు వచ్చేవారు కాదు. గోండులు పర్ధాన్ల దగ్గర అన్నం తినరనేది పాత కట్టుబాటు. హైమెండార్ఫ్ దొర కూడా దాన్ని రాసిపెట్టాడు. దేవుడి ముందు ఆయన పాట లేకుండా పని జరగదు, పాట అయ్యాక ఆయన కూర్చునే చోటు మాత్రం వాకిట్లో. పై కులాలు మనల్ని ఎలా చూశాయో వేదికలెక్కి మాట్లాడతాం. మన వాకిట్లో మనం ఎవరిని కూర్చోబెట్టామో కూడా అదే గొంతుతో చెప్పుకోవాలి. ఈ రోజు మా హాస్టల్లో గోండు, పర్ధాన్, తోటి, కొలాం పిల్లలు ఒకే బోకెలో వండింది, ఒకే వరుసలో కూర్చుని తింటారు. అది చదువు తెచ్చిన మంచి. చదువు తెచ్చిన చెడ్డ కూడా ఉంది. దాన్ని తర్వాత చెబుతాం.

హైమెండార్ఫ్ పేరు వచ్చింది కాబట్టి ఆ కాలం కొంచెం చెప్పుకుందాం. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, ఈ కొండల్లో మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, భార్య బెట్టీ ఎలిజబెత్ 1941లో ఆదిలాబాద్ కొండలకు వచ్చి మార్లవాయిలో ఉన్నారు. నాగోబా జాతరలో దర్బారు మొదలైంది ఆయన చొరవతోనే. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి ఆ కేంద్రం గురించి చదివినప్పుడల్లా మాకు అదొక పుట్టిల్లులా అనిపిస్తుంది. సొంత భాషలో మొదటి పాఠం చెప్పొచ్చని ఎనభై ఏళ్ల కిందటే ఇక్కడ చేసి చూపించారు.

1948లో ఆయన రాజ్ గోండుల మీద రాసిన పుస్తకం వచ్చింది. అందులోని పురాణాలు, సగాల పుట్టుక, దేవుళ్ల కథలు ఆయనకు ఎక్కువగా దొరికింది పర్ధాన్ల నోటి నుంచే. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో మన మతం మీద పరిశోధన చేసేవాళ్లు ఆ పుస్తకాన్ని తిరగేస్తారు. పుస్తకం పేరు చెబితే హైమెండార్ఫ్ గుర్తుకొస్తాడు. రాత్రిళ్లు మంట పక్కన కూర్చుని ఆయనకు పాడి వినిపించినవాళ్లు ఎవరికీ గుర్తుకు రారు. బెట్టీ 1987లో, ఆయన 1995లో పోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలో ఉన్నాయి, ఏటా జనవరిలో మనవాళ్లు పూలు పెడతారు. పెట్టాలి కూడా. ఆ పక్కనే ఇంకో దండ ఎవరికి వేయాలో కూడా ఆలోచించాలి.

పాట ఎందుకు తగ్గిందని మా పిల్లలు అడుగుతారు. సినిమాలు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి అని ఎవరైనా చెబుతారు. అసలు కారణం అంతకు చాలా ముందే మొదలైంది. పర్ధాన్ బతికింది గోండు ఇచ్చే ధాన్యం మీద. గోండు ధాన్యం ఇచ్చింది భూమి మీద. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి గీతలు గీసి ఊళ్లను లేపేశారు. ఆ తర్వాత బయటినుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి నల్లరేగడి భూములు పోయాయి. గాదెలో జొన్నలు లేని ఇంటికి పాటగాడు ఎన్నిసార్లు వస్తాడు? వాళ్లూ అరక కట్టారు, కూలికి పోయారు, పిల్లలను చదివించుకున్నారు. పర్ధాన్ కుటుంబాల నుంచి మంచి ఉపాధ్యాయులు వచ్చారు. పాట వదిలేశారని వాళ్లను తప్పుపట్టే హక్కు, ధాన్యం ఇవ్వడం మానేసిన మనకు లేదు.

గోదావరికి ఉత్తరాన, మధ్యప్రదేశ్‌లో ఇదే కథ ఇంకో దారి పట్టింది. అక్కడి పర్ధాన్లు వాయించేది బానా అనే వాద్యం. అక్కడా పోషించే ఇళ్లు బలహీనపడ్డాయి. 1980ల మొదట్లో పాటన్‌గఢ్ అనే ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పర్ధాన్ యువకుడు గోడల మీద వేసిన బొమ్మలను భోపాల్ భారత్ భవన్‌కు చెందిన చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం చూసింది. ఆ కుర్రవాడు భోపాల్ వెళ్లి, తాతలు పాడిన దేవుళ్లను కాగితం మీద, గుడ్డ మీద గీశాడు. ఇవాళ గోండు చిత్రకళ అని ప్రపంచమంతా కొనేది ఆ దారిలో వచ్చినదే. ఆయన 2001లో జపాన్‌లో ప్రాణం తీసుకున్నాడు. పేరు వచ్చినంత మాత్రాన మనిషికి నిలువ నీడ దొరికినట్టు కాదని ఆయన గురించి చదివినప్పుడు అనిపిస్తుంది.

మన దగ్గర కూడా గుర్తింపు రాలేదని అనలేం. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. గోండులకు పర్ధాన్లు ఎలాగో, కోయల్లో వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ పాడేవాళ్లు డోలి వాయించే కోయలు. ఒక్క 2024లోనే ఇద్దరూ వెళ్లిపోయారు. ఇద్దరూ పోయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు నివాళులతో నిండిపోయాయి. మేమూ పెట్టాం. వాళ్ల దగ్గర ఎన్ని రాత్రుల పాట ఉందో, అందులో ఎంత మనకు చేరిందో ఆ గ్రూపుల్లో ఎవరూ అడగలేదు. గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఫోన్‌లో మన అక్షరాలు రాసుకోవచ్చు. కూర్చుని చెప్పేవాళ్లు, కూర్చుని రాసుకునేవాళ్లు కలవాలి.

చదువు తెచ్చిన చెడ్డ గురించి తర్వాత చెబుతామన్నాం కదా. వార్డెన్‌గా మా చేతి పనే అది. పెర్సాపెన్ పూజలకు పిల్లలను పంపమని తల్లిదండ్రులు వచ్చేవారు. లీవ్ లెటర్లో "దేవుడి పని" అని రాసి ఉంటే, పరీక్షలు దగ్గరకొచ్చాయని ఎర్ర ఇంకుతో కొట్టేసిన రోజులు చాలా ఉన్నాయి. జ్వరం అని అబద్ధం రాసినవాళ్లను మాత్రం పంపేవాళ్లం. మూడు రాత్రులు కూర్చుంటే వంశం కథంతా చెవిలో పడే వయసులో పిల్లను తెచ్చి, ట్యూబ్‌లైట్ కింద స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, "గోండుల సంస్కృతి" అని మూడు మార్కుల ప్రశ్న రాయించాం. ఇందులో ఎవరినీ నిందించడం లేదు. ఆ ఎర్ర ఇంకు మాదే.

ఆ సాయంత్రం వేదిక మీద కిక్రీకి ఏడు నిమిషాలు ఇచ్చారు. అంతకు ముందు ప్రసంగాలు ఎక్కువైపోయి, చివరికి అది నాలుగు నిమిషాలైంది. పెద్దాయన కమాను ఎత్తి, దేవుళ్లను గుహలో బంధించిన దగ్గర కథ ఎత్తుకున్నారు. లింగాల్ వెతుక్కుంటూ బయలుదేరాడు. అంతలో వ్యాఖ్యాత వచ్చి చప్పట్లు కొట్టించి, శాలువా కప్పించి, తర్వాతి అంశం ప్రకటించాడు. సౌండ్ బాక్సుల్లో సినిమా పాట మొదలైంది. మెట్లు దిగుతూ పెద్దాయన మాతో గోండిలో అన్న మాట ఇది: "దేవుళ్లు ఇంకా గుహలోనే ఉన్నారు." ఆయన హాస్యానికి అన్నారో బాధతో అన్నారో ఇప్పటికీ తెలియదు. శాలువా మడిచి గోనె సంచిలో కిక్రీ మీద కప్పి, చివరి బస్సు అందుకోవడానికి వెళ్లిపోయారు. మేము ఆయనతో ఫోటో దిగడం మరిచిపోయాం. మా పిల్లల ఫోన్లలో మాత్రం పదిహేను దాకా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన కెమెరా వైపు చూడడం లేదు.

ఊరికి వెళ్లాక మా పెద్దబాపును అడిగాం, మన ఇంటికి పాడేవాళ్లు ఎవరని. ఆయన చాలాసేపు ఆలోచించి, వాగు అవతలి ఊరి పేరు చెప్పారు. మా తాత కర్మకు పిలిచామని, ఆ తర్వాత పిలవలేదని, పిలవాలంటే ఇవ్వాల్సినవి ఉంటాయి కదా అని నసిగారు. ఒక ఆదివారం మేమే వెళ్లాం. వాకిట్లోకి వచ్చిన నానమ్మ కాలం నాటి ఆ మనిషి ఎప్పుడో పోయారు. మనవడు ఆటో నడుపుతున్నాడు, ముప్పై లోపు వయసు. ఇంటిపేరు చెప్పగానే లోపలికి రమ్మని మంచం వేశాడు. కిక్రీ గోడకు వేలాడుతోంది. మూడు తీగల్లో ఒకటి లేదు. తాత దగ్గర సగం కథ విన్నానని, మిగిలిన సగం తండ్రికి వచ్చేదని, తండ్రి కూడా పోయాడని చెప్పాడు. వాళ్ల అమ్మ ఇచ్చిన చాయ్ తాగాం, తర్వాత పప్పు అన్నం తిన్నాం. మా నానమ్మ చూస్తే ఏమనేదో.

మిగిలిన సగం ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగితే, అదే సగాకు పాడే పెద్దవాళ్లు ఇద్దరు ఉన్నారని, వాళ్ల దగ్గర కూర్చోవాలంటే ఆటో ఆపి నెల రోజులు పోవాలని అన్నాడు. నెల రోజుల ఆటో సంపాదన ఎంతో మేము అడిగాం, అతను చెప్పాడు. పెద్దబాపు, చిన్నబాపులు, అన్నలు, మేము కలిసి ఏడు ఇళ్లం ఉన్నాం. ఇంటికి ఇంత జొన్నలు, ఇంత డబ్బు అని లెక్క వేసి పెద్దబాపుతో చెప్పాం. ఆయన ఇంకా అవుననలేదు, కాదనలేదు. ఈ సంచిక మీకు చేరే సమయానికి తీగ మాత్రం కట్టించాం.

మొన్న పుష్యంలో మా హాస్టల్ నుంచి "దేవుడి పని" అని పదకొండు లీవ్ లెటర్లు వచ్చాయి. పదకొండూ పచ్చ ఇంకుతో సంతకం పెట్టి పంపాం. మెస్రం పిల్ల తిరిగి వచ్చాక, మర్రిచెట్టు కింద ఆ తాత కనబడ్డారా అని అడిగాం. కనబడ్డారట. ఈసారి ఆమె ఇంటి నుంచి చేట నిండా జొన్నలు తీసుకెళ్లిందట. కథ ఎంతవరకు విన్నావని అడిగితే, "నిద్రొచ్చింది మేడం, దేవుళ్లు బయటికొచ్చే దాకా మాత్రం మెలకువగానే ఉన్నా," అంది.